విహంగ బాంధవుడు సలీం అలీ

వేట మానవునికి ఒకనాడు జీవనాధారం, మరొకనాడు వినోదం. వేట కోసం పట్టిన తుపాకిని విజ్ఞానసాధనంగా మలచుకొని, తుదకు పక్షిజాతి సంరక్షణకే జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడు సలీం అలీ. ఆయన జీవితకథలో తెలుగునేలకు, ప్రత్యేకించి కడప జిల్లాకు, విశిష్టస్థానం ఉంది.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. సంతానంలో ఆయన కడపటివారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోవడంతో మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఆయనను పెంచి పెద్దచేశారు. మేనమామకు వేట అంటే మక్కువ. ఆ యింట పెరిగిన బాలునికి గాలితుపాకితో పిచ్చుకలను కొట్టడం అలవాటయింది.

ఒకనాడు నేలకూలిన పిచ్చుక కంఠంపై పసుపు పచ్చని మచ్చ కనిపించింది. అది ఏ జాతి పిట్టో మేనమామకు సైతం తెలియలేదు. ఆయన ఇచ్చిన పరిచయలేఖతో సలీం అలీ బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్లారు. సంఘం కార్యదర్శి మిల్లార్డ్ ఆ పక్షిని గుర్తించి చెప్పి, అక్కడ భద్రపరచిన పక్షి నమూనాలన్నింటినీ ఓపికగా చూపించారు. ఒక పిట్ట ప్రాణం పోయింది. ఒక బాలుని కన్ను తెరుచుకొంది.

సలీం అలీ 1918లో తెహ్మినాను వివాహమాడారు. 1926లో బొంబాయి మ్యూజియంలో మార్గదర్శక ఉపన్యాసకులుగా చేరారు. సెలవుపై జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ వద్ద పక్షిశాస్త్రంలో శిక్షణ పొందారు. 1930లో తిరిగివచ్చేసరికి నిధుల కొరత కారణంగా ఆ ఉద్యోగమే రద్దయింది. అయినా ఆయన ధైర్యం కోల్పోలేదు. ప్రయాణానికి, బసకు అయ్యే వ్యయం భరిస్తే చాలునని, జీతం లేకుండానే పక్షుల సర్వే చేసిపెడతానని స్వదేశ సంస్థానాలకు ప్రతిపాదించారు. అందుకు తొలుత ముందుకు వచ్చింది హైదరాబాదు సంస్థానం.

1931-32లో సాగిన ఆ యాత్రలో తెహ్మినా భర్త వెంట నడిచారు. నగరంలో సుఖంగా పెరిగిన ఆమె అడవిలోని గుడారపు బ్రతుకును సంతోషంగా స్వీకరించారు. చెంచులు నివసించే నల్లమలలో మన్ననూరు, ఫరహాబాద్ ప్రాంతాల వరకు వారి అన్వేషణ సాగింది. ఆ రోజులలో పక్షిని నిశ్చయంగా గుర్తించాలంటే తుపాకితో కొట్టి నమూనా సేకరించడమే పద్ధతి. చర్మాన్ని భద్రపరచడం, కొలతలు తీసికోవడం, పొట్టలోని ఆహారాన్ని పరిశీలించడం అందులో భాగాలు. సలీం అలీ ఈ వాస్తవాన్ని ఎన్నడూ దాచలేదు. వినోదం కోసం చంపడం వేరు, విజ్ఞానం కోసం అవసరమైనంత మేరకే సేకరించడం వేరు అన్నది ఆయన నిశ్చితాభిప్రాయం. కూలిన ప్రతి పక్షి నుండి ఒక కొత్త విషయం నేర్వడమే ఆ ప్రాణానికి తాను చెల్లించవలసిన ఋణమని భావించినట్లు ఆయన కృషి చాటుతుంది.

1939లో శస్త్రచికిత్స అనంతరం తెహ్మినా అకస్మాత్తుగా మరణించారు. ఆ వియోగం ఆయనను కుంగదీసింది. ఆ దుఃఖాన్ని దిగమ్రింగి ఆయన పరిశోధనలో నిమగ్నులయ్యారు. భారతీయ పక్షులపై ఆయన రచించిన గ్రంథం 1941లో వెలువడి, సామాన్యులకు సైతం పక్షిలోకాన్ని పరిచయం చేసింది. డిల్లన్ రిప్లీతో కలసి 1968-74 మధ్య పది సంపుటాల బృహద్గ్రంథాన్ని వెలువరించారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలు ఆయనను వరించాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలను తడుపుతూ సాగే పెన్న సిద్ధవటం చేరేసరికి లంకమల కొండలు కనిపిస్తాయి. ఆ పరిసరాలలోని ముళ్లపొదల నడుమ సంచరించే అరుదైన పక్షి కలివికోడి. 1848లో జెర్డాన్ అనే ఆంగ్ల వైద్యుని ద్వారా శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి, 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. 1930లలోనూ, 1970లలోనూ జరిగిన అన్వేషణలు ఫలించలేదు. చివరకు సలీం అలీ జీవితమంతా సేవించిన బొంబాయి సంఘమే మరల ఆ పనికి పూనుకొంది. సంఘ పరిశోధకులు భరత్ భూషణ్ గ్రామస్థులను ఆశ్రయించారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె సమీపాన ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ ఆ పక్షిని పట్టుకొన్నాడు. కలివికోడి రాత్రి తిరిగే పక్షి. పగటి అన్వేషణలకు అది చిక్కకపోవడంలో ఆశ్చర్యం లేదు. పట్టుబడిన పక్షి ఎక్కువకాలం బ్రతకలేదు గాని, దాని జాతి ఇంకా జీవించి ఉన్నదని లోకానికి తెలిసింది. అప్పటికి సలీం అలీ వయస్సు ఎనభై తొమ్మిదేళ్లు.

1987 జూన్ 20న ఆయన తనువు చాలించారు. మరుసటి ఏడాది శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. నాడు బొంబాయిలో ఒక పిచ్చుకను కొట్టిన బాలుడు పక్షులకు బంధువైనాడు. నేడు శాస్త్రజ్ఞులకు అందని పక్షి జాడను కడప అడవిలో ఒక వేటగాడు చూపినాడు. అడవిని ఎరిగినవాని నేర్పు ప్రాణం తీయడానికే కాదు, ప్రాణం నిలపడానికీ ఉపకరిస్తుందని సలీం అలీ జీవితం మనకు బోధిస్తుంది.