విమానయాన వర్తకుడు: జె.ఆర్.డి. టాటాగారు

జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటాగారు 1904 జూలై 29న పారిస్ నగరమున జన్మించిరి. 1929లో మన దేశమున విమానచోదకునిగా తొలి లైసెన్సు పొందిరి. 1932 అక్టోబరు 15న కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపాసంచులను తామే విమానమున గొనివచ్చిరి. అచ్చటనుండి వానిని నెవిల్ విన్సెంటుగారు బళ్లారి మీదుగా మద్రాసు చేర్చిరి.

ప్రభుత్వము సహాయధన మొసగలేదు. మోసిన టపాకు కూలి మాత్రమే చెల్లించెను. ఆ కూలితోడనే సంస్థ నిలద్రొక్కుకొనెను. విమానము సగము నిండినను, పూర్తిగా నిండినను పెట్రోలు ఖర్చు, సిబ్బంది జీతములు ఇంచుమించు సమానమే. ఎగిరిపోయిన విమానములోని ఖాళీ సీటును మరునాడు అమ్ముకొనుట సాధ్యము కాదు. ఈ వ్యాపారమున లాభనష్టములు ఈ చిన్న లెక్కపైననే ఆధారపడును.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప మిగులు డకోటా విమానములు చౌకగా లభించెను. ప్రభుత్వము పెక్కు కంపెనీలకు లైసెన్సు లిచ్చెను. ఉన్న కొద్దిపాటి ప్రయాణికులను అందరును పంచుకొనగా గిట్టుబాటు కాక కంపెనీలు నష్టముల పాలయ్యెను. టాటాగారి హెచ్చరిక అరణ్యరోదనమయ్యెను. 1953లో ప్రభుత్వము విమానసంస్థలను జాతీయము చేసెను. ఆ పద్ధతి సమ్మతము కాకున్నను, వారు ఎయిరిండియా ఇంటర్నేషనల్ అధ్యక్షపదవిని స్వీకరించిరి.

1948 జూన్ 8న లండనునకు ప్రారంభమైన ఈ సర్వీసునకు విదేశీ మహాసంస్థలతో పోటీ. వానికున్నన్ని విమానములు మనకు లేవు. ఆదరణచేతనే ప్రయాణికుని గెలువవలసి యుండెను. అందుచే టాటాగారు తాము ప్రయాణించినప్పుడెల్ల తేనీటి రంగు మొదలు తెరల శుభ్రత వరకు గమనించి వ్రాసి పంపెడివారు.

1978లో ప్రభుత్వము వారిని ఆ పదవినుండి తప్పించెను. 1992లో భారతరత్న నొసగెను. 1993 నవంబరు 29న జెనీవాలో వారు కీర్తిశేషులైరి. 2022 జనవరి 27న ఎయిరిండియా తిరిగి టాటాల పరమయ్యెను. చేజారిన సంస్థను పాతికేండ్లు సొంతమువలె సాకిన ఆ దీక్ష ప్రభుత్వోద్యోగులమైన మనకు ఆదర్శము.