చూపు తగ్గినా ఆగని ఫిడేలు: ద్వారం వెంకటస్వామి నాయుడు

 

మన కర్నూలు, కడప పల్లెల్లో చూపు లేని బిడ్డ పుడితే, పోయిన జన్మలో ఏం పాపం చేసిందో అంటారు. ఆ మాటకు తల్లి కుంగిపోతుంది. బిడ్డ బడికి పోకుండా మూలన కూచుంటుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి బతుకు చూస్తే ఆ మాట ఎంత తప్పో తెలుస్తుంది.

ఆయన 1893లో బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చిన్నప్పటి నుంచీ చూపు బాగా తక్కువ. బడి చదువు సాగలేదు. అన్న వెంకటకృష్ణయ్య పక్కన కూచోబెట్టుకుని ఫిడేలు నేర్పాడు. కళ్లు చేయలేని పని చెవులు, వేళ్లు చేశాయి.

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. కొలువులో ఒకాయన కొడుకుకు చూపు లేదు, ఆ పిల్లాడి కోసమే రాజు దాన్ని పెట్టించాడని చెబుతారు. నాయుడు గారు విద్యార్థిగా చేరదామని పోయారు. ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు ఆయన వాయిద్యం విని ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. పాటకు పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుతో ఒక్కరే కచేరీలు చేసి మెప్పించారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ అందుకున్నారు. 1964లో కన్నుమూశారు.

బౌద్ధం పాదుకున్న జపాన్‌లోనూ ఇలాంటి బతుకులున్నాయి. అక్కడ అంధ వాద్యకారులకు సొంత సంఘమే ఉండేది. 17వ శతాబ్దంలో యత్సుహాషి కెంగ్యో అనే అంధుడు కోటో అనే తీగవాద్యానికి కొత్త దారి వేశాడు.

వీణ తెలిసిన సోణ భిక్షువుకు బుద్ధుడు తీగనే ఉదాహరణగా చూపించాడు. మరీ బిగించినా, మరీ వదిలినా తీగ పలకదు. కృషి కూడా అంతే, అదే సమ్యక్ వ్యాయామం. పోయిన జన్మ పాపం వల్లే ఈ జన్మ కష్టాలనే వాదాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు.

ఒక నిజం మరవొద్దు. నాయుడు గారికి నేర్పే అన్న ఉన్నాడు, కళాశాల తలుపు తెరుచుకుంది. మన వాడల పిల్లలకు ఆ తలుపులు ఎన్నో తరాలు మూసే ఉన్నాయి. మూసింది కర్మ కాదు, మనుషులే.

కాబట్టి మీ వీధిలో చూపు లేని బిడ్డ ఉంటే జాలిపడి ఊరుకోవద్దు. బడిలో చేర్పించండి, పక్కన కూచుని నేర్పండి. కరుణంటే అదే.

భవతు సబ్బ మంగళం.