అంబేద్కర్‌ను రాజ్యాంగ సభకు పంపిన జోగేంద్రనాథ్ మండల్

1946లో రాజ్యాంగ సభ సభ్యులను ఎన్నుకున్నది ప్రాంతీయ శాసనసభలు. ఆ ఏడాది ఎన్నికల్లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ దాదాపు అన్ని చోట్లా ఓడిపోయింది. సొంత బొంబాయి శాసనసభలో అంబేద్కర్‌కు ఓట్లు లేవు. ఆయనను గెలిపించింది బెంగాల్. అక్కడ ఫెడరేషన్ తరఫున నెగ్గిన ఒకే ఒక్కడు జోగేంద్రనాథ్ మండల్. ఇతర పార్టీల్లోని దళిత శాసనసభ్యులను కూడగట్టి, కాంగ్రెస్ అడ్డుపడినా ఆయన అంబేద్కర్‌ను సభకు పంపారు. బెంగాల్ విభజనతో ఆ సీటు పోయాక కాంగ్రెస్ మద్దతుతో అంబేద్కర్ బొంబాయి నుంచి మళ్లీ ఎన్నికయ్యారు. మనం ఎక్కువగా చెప్పుకునేది ఈ రెండో ఎన్నిక గురించే.

మండల్ 1904లో తూర్పు బెంగాల్‌లోని బరిసాల్ జిల్లాలో ఒక నామశూద్ర కుటుంబంలో పుట్టారు. ఆ కులాన్ని ప్రభుత్వ లెక్కల్లో చండాలులని రాసేవారు. 1911 జనాభా లెక్కల నాటికి ఆ పేరు తీయించుకోగలిగారంటే దాని వెనుక దశాబ్దాల పోరాటం ఉంది. మండల్ న్యాయశాస్త్రం చదివి, 1937లో జనరల్ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించి బెంగాల్ శాసనసభకు వెళ్లారు. రిజర్వుడు సీటు ఆసరా లేకుండా ఒక దళితుడు గెలవడం ఆ రోజుల్లో చాలా అరుదు.

1943లో నజీముద్దీన్ మంత్రివర్గంలో చేరి సహకార, గ్రామీణ రుణాల శాఖ చూశారు. ముస్లిం లీగ్‌తో చేతులు కలపడానికి ఆయనకు పల్లెలోనే కారణం కనిపించింది. తూర్పు బెంగాల్‌లో నామశూద్రులూ ముస్లింలూ ఎక్కువమంది కౌలుదార్లు, పాలికాపులు. భూమి, వడ్డీ వ్యాపారం ఎక్కువగా అగ్రకుల హిందువుల చేతుల్లో ఉండేవి. ఒకే అప్పు కింద నలిగే ఇద్దరూ ఒక్కటైతే బతుకు మారుతుందని ఆయన నమ్మారు. 1946 అక్టోబరులో లీగ్ ఆయనను తాత్కాలిక కేంద్ర ప్రభుత్వానికి పంపింది. 1947 ఆగస్టులో పాకిస్తాన్ రాజ్యాంగ సభ తొలి సమావేశానికి తాత్కాలిక అధ్యక్షత వహించి, ఆ దేశపు మొదటి న్యాయ, కార్మిక మంత్రి అయ్యారు.

ఆ నమ్మకం మూడేళ్లు నిలవలేదు. 1948లో జిన్నా చనిపోయారు. 1950 మొదట్లో తూర్పు బెంగాల్‌లో హిందువులపై పెద్దఎత్తున హింస జరిగింది. అందులో నామశూద్ర పల్లెలూ కాలిపోయాయి. మంత్రిగా ఉండి కూడా తన వాళ్లను కాపాడుకోలేకపోయిన మండల్, ఆ అక్టోబరులో కలకత్తా చేరి ప్రధాని లియాఖత్ అలీ ఖాన్‌కు సుదీర్ఘమైన రాజీనామా లేఖ పంపారు. జరిగిన దారుణాలను ఊళ్ల పేర్లతో సహా అందులో లెక్క చెప్పారు.

దళిత, ముస్లిం ఐక్యత అసాధ్యమని చెప్పేవాళ్లు ఇవాళ ఈ లేఖనే చూపిస్తున్నారు. మనలో కొందరు దాన్ని ప్రస్తావించడానికే వెనకాడతారు. రెండూ సరికాదు. లేఖలో రాసిన హింస నిజం. దానికి ముందున్న జమీందారీ పీడన కూడా అంతే నిజం. లేఖను చూపించేవాళ్లు ఆ తర్వాతి పద్దెనిమిదేళ్ల గురించి మాట్లాడరు. కలకత్తా భద్రలోకం మండల్‌ను అక్కున చేర్చుకోలేదు. ముస్లిం పేరు తగిలించి ఎగతాళి చేసింది. ఎన్నికల్లో ఎన్నిసార్లు నిలబడ్డా ఒక్కసారీ గెలవలేదు. కాందిశీకుల మధ్య బతుకుతూ, వాళ్లను బెంగాల్ బయటికి తరలించవద్దని పోరాడారు. 1968 అక్టోబరు 5న కన్నుమూశారు.

తరలింపు ఆగలేదు. వేలాది నామశూద్ర కుటుంబాలను దండకారణ్యానికి పంపారు. మన సరిహద్దు దాటితే వచ్చే మల్కన్‌గిరిలో వాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్నారు. అక్కడి నుంచి బెంగాల్‌కు తిరిగివెళ్లి సుందర్‌బన్స్‌లోని మరీచ్‌ఝాపీ దీవిలో గుడిసెలు వేసుకున్నవాళ్లపై 1979లో వామపక్ష ప్రభుత్వ పోలీసులు కాల్పులు జరిపారు. అక్కడ చనిపోయినవాళ్లెందరో ఇప్పటికీ లెక్క తేలలేదు. రాజీనామా లేఖతో మండల్ కథ ముగించేవాళ్లను ఈ లెక్క కూడా అడగాలి.