బాకీ ఉంచుకోని మనిషి: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

చిక్కబళ్ళాపురానికి సమీపాన, నందికొండల చాయలో ముద్దేనహళ్ళి అనే చిన్న గ్రామం ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1861 సెప్టెంబరు 15న ఆ ఊరిలో జన్మించారు. ఇంటిపేరు మోక్షగుండం గ్రామానిది. పూర్వీకులు అక్కడి నుండి తరలివచ్చి మైసూరు సీమలో స్థిరపడిన తెలుగువారు. ఇంట తెలుగు, వీధిలో కన్నడం. బాగేపల్లి, చింతామణి వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు, వైద్యం తెలిసినవారు. తల్లి వెంకటలక్ష్మమ్మ. పాండిత్యానికి గౌరవం దక్కిందే కాని ఇంట సిరి లేదు. విశ్వేశ్వరయ్య బాల్యం పూర్తికాకమునుపే తండ్రి కాలధర్మం చెందారు. చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య ముగించి, బెంగుళూరులో ఉన్న మేనమామ రామయ్య అండతో ఆ బాలుడు పై చదువులకు వెళ్ళాడు.

అండ ఉన్నదని చేయి చాచి కూర్చోలేదు. సెంట్రల్ కాలేజీలో చదువుతూనే, కొడగు ప్రాంతానికి చెందిన ఒక అధికారి ఇంట పిల్లలకు పాఠాలు చెప్పి తన భోజన వసతులు తానే సంపాదించుకొన్నాడు. ఆ విధంగా 1881లో బి.ఏ. పట్టా చేతికి వచ్చింది. ఇప్పటికీ మన పల్లెలలో పిల్లవాని చదువు కోసం కాణాచి భూమి తాకట్టు పెట్టడం, ఆ వడ్డీ పిల్లవాని పెండ్లినాటికి కూడా తీరకపోవడం చూస్తూనే ఉన్నాము. ఈ బాలుని చదువు అట్టి భారమేదీ మిగల్చకుండా సాగింది.

అయితే ఒక ఋణం మాత్రం మిగిలింది. బి.ఏ. అనంతరం పూనాలోని సైన్స్ కాలేజీలో ఇంజనీరింగు చదవడానికి మైసూరు ప్రభుత్వం విద్యార్థి వేతనం ఇచ్చింది. దివాన్ రంగాచార్లు కాలమది. 1883లో విశ్వేశ్వరయ్య ఆ పరీక్షలో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణుడయ్యాడు. మరుసటి ఏడు బొంబాయి ప్రభుత్వం పిలిచి అసిస్టెంట్ ఇంజనీరు పదవి ఇచ్చింది. చదివించింది మైసూరు, పని చేయించుకొన్నది బొంబాయి. ఆ ధనానికి పత్రం లేదు, వడ్డీ లేదు, గడువు లేదు. ఎవరూ వచ్చి గడప తొక్కి అడగని బాకీ అది. అట్టి బాకీలను మరచిపోవడం లోకంలో సుళువు.

బొంబాయి కొలువు సుమారు ఇరువది నాలుగేళ్ళు సాగింది. నాసిక్, ఖాందేశ్, సూరత్, పూనా ప్రాంతాలలో పనిచేశారు. సింధు నది ఒడ్డున సుక్కూరు పట్టణానికి నీటి సరఫరా ఏర్పాటు చేశారు. ఖడక్‌వాస్లా జలాశయానికి నీటి మట్టాన్ని బట్టి వాటంతటవే తెరుచుకొని మూసుకొనే తలుపులు అమర్చారు. కాలువ నీటిని పలుకుబడి గలవారే పీల్చుకోకుండా వంతుల ప్రకారం పంచే బ్లాకు పద్ధతిని తెచ్చారు. ఆరంభంలో రైతులు ప్రతిఘటించినను తరువాత దానిని అంగీకరించారు.

ఆయన బొంబాయి ప్రభుత్వంలో పనిచేస్తున్న ఆ కాలంలోనే, 1896 జనవరిలో, బొంబాయి రేవులో ఒక అమెరికా రచయిత దిగాడు. అతడు మార్క్ ట్వేన్. ఆయన ప్రచురణ సంస్థ 1894లో దివాలా తీసింది. లక్ష డాలర్లకు అటూ ఇటూగా అప్పు నెత్తిన పడింది. రూపాయికి కొంత చెల్లించి తప్పుకోవడానికి చట్టంలో వీలున్నా, పూర్తిగా చెల్లించాలని భార్యాభర్తలు నిశ్చయించుకొన్నారు. అరువదవ ఏట దేశదేశాల ఉపన్యాసాలిస్తూ, ఆ యాత్రను గ్రంథంగా వ్రాస్తూ, 1898 నాటికి అప్పులవారందరికీ చెల్లు వ్రాయించుకొన్నాడు. ఆ యాత్ర ముగిసిన కొద్ది రోజులకే ఇంటి వద్ద ఉన్న పెద్ద కుమార్తె మరణించింది. అయినా మిగిలిన కిస్తులు ఆగలేదు. విశ్వేశ్వరయ్యగారి నెత్తిన అట్టి అప్పు లేదు. కాని తనను ఎవరూ నిర్బంధించని బాకీని పూర్తిగా తీర్చాలన్న పట్టుదలలో ఈ ఇద్దరూ ఒకే కోవకు చెందినవారు.

1908లో ఆయన బొంబాయి కొలువు విడిచారు. ఆ సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచివేయగా, నిజాం ప్రభుత్వం ఆహ్వానంపై వెళ్ళి వరద నివారణకు పథకం రూపొందించారు. 1909 నవంబరులో మైసూరు నుండి చీఫ్ ఇంజనీరు పదవికి పిలుపు వచ్చింది. చదువుకు ధనమిచ్చిన సంస్థానానికి ఇరువది ఐదేళ్ళ తరువాత తొలి కిస్తు అప్పుడు మొదలయింది.

కావేరిపై కృష్ణరాజసాగరం కట్టాలన్న ప్రతిపాదనకు సంస్థానంలోనే అభ్యంతరాలు వచ్చాయి. ఇంత ధనం ఎక్కడిది, తిరిగి వచ్చేదెట్లు అని ఆర్థిక శాఖవారు ప్రశ్నించారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆయన దానికి లెక్కతోనే సమాధానం చెప్పారు. శివనసముద్రం వద్ద పుట్టే విద్యుత్తును అప్పటికే కోలారు బంగారు గనులు కొంటున్నాయి. నీరు నిలిస్తే విద్యుత్తు నిలకడగా అందుతుంది, దాని రాబడి ఆనకట్ట ఖర్చుకు తోడ్పడుతుంది. 1911లో పని ఆరంభమయింది. మదరాసు ప్రభుత్వంతో వివాదం వల్ల మొదట తక్కువ ఎత్తుకే అనుమతి లభించినను, పునాది మాత్రం పూర్తి ఎత్తుకు తగినట్లు వేయించారు. ఆదాయం తెచ్చే అప్పు వేరు, ఆరగించే అప్పు వేరు అని మన పెద్దలు చెప్పే తేడా ఆ లెక్కలో ఉంది. వెయ్యి అడుగులు దాటించినా తేమ తగలని బోరుబావికి మరొక అప్పు తెచ్చే రైతు ఈ తేడాను ఎవరికన్నా బాగా ఎరుగును.

1912 నవంబరులో మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆయనను దివానుగా నియమించారు. పదవి చేపట్టకమునుపే బంధుమిత్రులను విందుకు పిలిచి, తన ద్వారా ఎవరికీ సిఫారసులు జరగవని ముందుగానే తెలియజేశారని ప్రసిద్ధి. సర్కారు దీపం వేరు, సొంత దీపం వేరు అని రెండు దీపాలు ఉంచుకొన్నారన్న కథ మన పల్లెలలో నేటికీ చెప్పుకొంటారు. కథను పక్కన పెట్టినా, ఆయన ఏ పనికైనా జమ, ఖర్చు ముందు వేసుకొనేవారన్నది ఆయన పనులే చెబుతాయి. 1913లో మైసూరు బ్యాంకు ఏర్పడింది. 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమయ్యేవరకు మన తాలూకాల రైతులు, వర్తకులు అనేకులు నడిచిన గడప అదే. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలసింది. బెంగుళూరు నుండి చిక్కబళ్ళాపురానికి చిన్న రైలు కూడా ఆయన దివానుగిరి కాలంలోనే నడిచింది.

1918 చివర ఆయన దివాను పదవి నుండి తప్పుకొన్నారు. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో స్థానం కల్పించే విషయమై మహారాజుతో వచ్చిన అభిప్రాయభేదం అందుకు కారణం. అర్హత ఒక్కటే ప్రమాణమన్న ఆయన వాదన, చదువుకు ఎన్నడూ అవకాశం దక్కని కులాల వైపు నుండి చూసినవారికి నాడూ నచ్చలేదు, నేడూ నచ్చదు. ఆయనను పొగిడేవారు ఈ సంగతి దాటవేయడం మంచిది కాదు.

అసలైన పరీక్ష ఆ తరువాత వచ్చింది. భద్రావతిలో ఇనుప కర్మాగారం నెలకొల్పాలన్నది ఆయన సంకల్పమే. బొగ్గు గనులు లేని సీమలో, అడవి కట్టెబొగ్గుతో ఇనుము కరిగించే కొలిమి అది. 1923 జనవరిలో ఉత్పత్తి ఆరంభమయ్యే నాటికి యుద్ధకాలపు ధరలు కూలిపోయాయి. కోటి రూపాయలకు మించిన ప్రజాధనం అందులో పడింది. కట్టె నుండి తీసే ఉపోత్పత్తులకు కూడా గిరాకీ తగ్గింది. సంస్థానం నెత్తిన ఇదొక తెల్ల ఏనుగు అని విమర్శకులు వేలెత్తి చూపారు. పథకం వేసినవారు దూరంగా ఉండి చూస్తూ కూర్చోవచ్చును. పదవిలో లేరు గనుక అడిగేవారు లేరు. కాని ఆ ఏడే, అరువది దాటిన వయసులో, ఆయన ఆ కర్మాగారం అధ్యక్ష బాధ్యత స్వీకరించారు.

ఆరేళ్ళ పాటు, 1929 వరకు, ఆ పని సాగింది. అద్భుతాలేవీ జరగలేదు. ఇంత పెద్ద నష్టాన్ని ఒక్కసారిగా తీర్చే ఉపాయం ఎవరి వద్దా లేదు. ఉన్నదల్లా దానిని చిన్న ముక్కలుగా విడగొట్టడమే. టన్ను ఇనుముకు ఎంత ఖర్చు, కట్టెకు ఎంత, కూలికి ఎంత అని విడివిడిగా చూసి, ఒక్కొక్క పద్దులో కొంత కొంత తగ్గించుకొంటూ రావలసివచ్చింది. అధిక జీతాల విదేశీ నిపుణుల స్థానంలో స్థానికులకు శిక్షణ ఇచ్చి నియమించారు. పెట్టుబడి అంతా తిరిగి రాకపోయినా, ఆయన విడిచివచ్చే నాటికి కర్మాగారం తన నిర్వహణ ఖర్చు తానే భరించుకొనే స్థితికి చేరింది. ఆ కర్మాగారానికి తరువాత ఆయన పేరే పెట్టారు.

నెల నెలా కిస్తు కట్టే ఇంటివారికి ఈ ఆరేళ్ళ స్వభావం తెలిసినదే. శిడ్లఘట్ట సంతలో పట్టుగూళ్ళకు ధర పలికిన వారం ఊరట, చింతామణి మండీలో టమాటా పారబోసిన వారం నిరాశ. అప్పు కొండ అంతే ఉన్నట్లు కనిపిస్తుంది. పుస్తకం తెరిచి నిరుడు ఇదే నెల ఎంత ఉన్నదో చూసుకొంటే తప్ప కరిగిన భాగం కంటికి ఆనదు. భద్రావతిలో ఆ పుస్తకం ప్రతి దినమూ తెరవబడింది.

ఆ కాలమంతా ఆయన జీతం తీసుకోలేదు. అనంతరం ప్రభుత్వం లెక్కకట్టి ఆ పెద్ద మొత్తాన్ని ఇవ్వజూపగా, దానిని తన ఇంటికి చేర్చుకోక, చేతిపనులు, యంత్రవిద్య నేర్పే పాఠశాలకు వినియోగించవలసిందిగా కోరారు. ఆ విధంగా బెంగుళూరులో జయచామరాజేంద్ర వృత్తి విద్యా సంస్థ 1940వ దశకంలో ఏర్పడింది. దానికి తన పేరు గాక మహారాజు పేరు ఉంచబడింది. పూనాలో చదువుకోవడానికి మైసూరు ఇచ్చిన విద్యార్థి వేతనం ఆరు దశాబ్దాల తరువాత, పేద పిల్లల చదువు రూపంలోనే, మైసూరుకు తిరిగి చేరింది.

1955లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న ప్రదానం చేసింది. నూరేళ్ళు నిండిన తరువాత 1962 ఏప్రిల్ 14న బెంగుళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్ళిలో జరిగాయి. 2007లో చిక్కబళ్ళాపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన తరువాత ఆ గ్రామం ఈ జిల్లా పటంలోకి వచ్చింది. ఆయన పుట్టిన ఇంటికి కొద్ది దూరంలోనే సమాధి ఉంది.