స్థానం విడిచిన రాజు, భారం మోసిన నాయుడు

భారత క్రికెట్ తొలి టెస్టు సారథి సి.కె. నాయుడు తెలుగువాడు. 1895లో నాగపూర్‌లో జన్మించారు. ఆయన పూర్వికులది మన బందరు ప్రాంతమేనని చెబుతారు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి దేశమంతటా పేరు పొందారు.

1932లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. రాజవంశీకులే సారథులుగా ఉండాలనుకునే రోజులవి. అందుకే పోరుబందరు మహారాజును సారథిగా పంపారు. అయితే తన ఆట అంతంతమాత్రమని ఆయనకు తెలుసు. జూన్ 25న లార్డ్స్‌లో తొలి టెస్టు మొదలయ్యేసరికి తాను తప్పుకొని, ఏ సంస్థానమూ లేని నాయుడికి జట్టును అప్పగించారు.

నాయుడి కింద ఆడటం కొందరికి రుచించలేదు. పైగా క్యాచ్ పట్టబోయి ఆయన చేతికి గాయమైంది. ఆ చేత్తోనే బ్యాటు పట్టి తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. మన జట్టులో అదే అత్యధికం. 158 పరుగులతో ఓడినా మన జట్టు అందరి మన్నన పొందింది. నాయుడు 1967లో ఇండోర్‌లో కన్నుమూశారు.

రాజకుమారుడైన యోనాతాను తన దుప్పటిని, కత్తిని, విల్లును గొర్రెల కాపరి దావీదుకు ఇచ్చేశాడని మనం చదువుతాం. సంఘంలో పదవుల ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం ఆ సంగతి మరచిపోతాం. కుర్చీ కోసం ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లం మాటలు మానేస్తాం. మనకన్నా సమర్థునికి చోటివ్వడం ఓటమి కాదు. చోటు దొరికినవారు గాయపడినా భారం మోయాలి. ఈ రెండూ ఉన్నచోటే సంఘం నిలుస్తుంది.