నేర్చుకొనిన కనికరము
ఫ్లారెన్సు నైటింగేలు జీవితము

ధ్యానభాగము: లూకా 10:25–37



మన పల్లె సంఘములలో చదువు ముగించిన పిల్లలు కొందరు ప్రతి సంవత్సరము నర్సు తర్ఫీదునకు వెళ్లుచున్నారు. పూర్వము కుమార్తెలే వెళ్లెడివారు. ఇప్పుడు కుమారులును వెళ్లుచున్నారు. ప్రయాణపు దినమున ప్రార్థన చేయుమని తలిదండ్రులు మమ్మును పిలుతురు. త్వరగా జీతము దొరకునని కొందరు చెప్పుదురు. ఇది దేవుని పిలుపని కొందరు చెప్పుదురు. జీతము కొరకు వెళ్లినయెడల అది సేవ యగునా అని అడుగువారును కలరు. అందుచేత ఈ నెల ఫ్లారెన్సు నైటింగేలు జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరములో జన్మించెను. ఆ నగరపు పేరే ఆమెకు పెట్టిరి. తలిదండ్రులు ఇంగ్లండు దేశపు ధనవంతులు. తండ్రి తానే ఆమెకు గ్రీకు, లాటిను భాషలు నేర్పెను. లెక్కలయందు ఆమెకు మిక్కిలి ఆసక్తి. 1837 ఫిబ్రవరి 7న, పదునేడవ యేట, దేవుడు తన్ను తన సేవకు పిలిచెనని ఆమె నమ్మి ఆ సంగతి వ్రాసి ఉంచుకొనెను. అయితే ఏ సేవకు పిలిచెనో ఆమెకు అప్పుడు తెలియలేదు. రోగులను చూచుటయే తన పని యని తెలిసికొనుటకు కొన్ని సంవత్సరములు పట్టెను.

1845లో ఆమె ఒక ఆసుపత్రికి పోయి పని నేర్చుకొందునని ఇంటివారిని అడుగగా వారు ఒప్పుకొనలేదు. ఆ కాలపు ఆసుపత్రులు మురికితో నిండియుండెను. నర్సులకు తర్ఫీదు లేదు. వారిలో అనేకులు త్రాగుబోతులని పేరుపడిరి. గొప్ప ఇంటి కుమార్తె అట్టి పనికి పోవుట వారికి అవమానముగా తోచెను. ఆమె దినదినము ఏడ్చి ఊరకుండలేదు. తెల్లవారకముందే లేచి, దీపము ముందర కూర్చుండి, ఆసుపత్రులను గూర్చిన నివేదికలను చదువుచుండెను. వివాహమాడ గోరి వచ్చిన యోగ్యుని కూడ కాదనెను. ఈ విధముగా అనేక సంవత్సరములు గడచెను.

1851లో ఆమె జర్మనీ దేశమందు రైను నది ఒడ్డున ఉన్న కైజర్స్‌వెర్త్ అను చిన్న ఊరికి వెళ్లి సుమారు మూడు నెలలు పని నేర్చుకొనెను. అక్కడి పాదిరి ఫ్లీడ్నర్. ఆయనది చిన్న సంఘము, బీద సంఘము. ఊరి కార్ఖానా మూతపడగా ఆ సంఘము జరుగుబాటు లేక దిక్కుతోచకయుండెను. అయినను ఆయనయు ఆయన భార్యయు 1836లో అక్కడ డీకనెస్సుల గృహమును స్థాపించి, రోమా పత్రికలోని ఫీబే వలె సంఘమునకు పరిచర్య చేయు స్త్రీలకు రోగుల సేవ నేర్పిరి. పల్లె పాదిరులమైన మాకు ఈ సంగతి గొప్ప ధైర్యమిచ్చుచున్నది. పిలుపు పొందిన పదునాలుగేండ్లకు ఫ్లారెన్సు ఆ గృహములో గాయము కట్టుటయు, మందు ఇచ్చుటయు, మరణించువారి ప్రక్కను కూర్చుండుటయు నేర్చుకొనెను.

1854లో క్రిమియా యుద్ధమందు గాయపడిన ఇంగ్లీషు సైనికులు దిక్కులేక చచ్చుచున్నారని వార్త వచ్చెను. యుద్ధ మంత్రియైన సిడ్నీ హెర్బర్ట్ కోరగా, ఆమె 38 మంది నర్సులతో బయలుదేరి, నవంబరు 4న టర్కీ దేశపు స్కుటారి ఆసుపత్రికి చేరెను. మొదట వైద్యులు వారిని దగ్గరకు రానీయలేదు. ఆమె తొందరపడక, వారే పిలుచువరకు కనిపెట్టెను. రోగులు గుంపులుగా వచ్చి పడగానే వారే పిలిచిరి. ఆమె బట్టలు ఉతుకు ఏర్పాటు చేసెను, మంచి భోజనము వండించెను, రాత్రులు దీపము పట్టుకొని పడకల మధ్య తిరిగెను. తోడువచ్చినవారిలో కొందరికి భక్తి ఉండెను గాని పని రాదు. కొందరికి పని వచ్చును గాని నడవడి లేదు. కొందరిని ఆమె తిరిగి పంపవలసి వచ్చెను.

దీపము పట్టుకొనిన స్త్రీ యని ఆమెను అందరు ఎరుగుదురు. ఆ తరువాతి సంగతి ఎరిగినవారు కొద్దిమందియే. ఆమె అంత ప్రేమతో తిరిగిన ఆ చలికాలములోనే స్కుటారిలో మరణములు పెరిగెను. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది చనిపోయిరి. గాయములచేత కంటె కలరా, విరేచనములు, జ్వరములచేత చచ్చినవారే ఎక్కువ. ఆసుపత్రి క్రింద మురుగు తూములు పూడిపోయి, నీరు చెడిపోయి, గాలి విషమై యుండెను. మార్చి నెలలో ప్రభుత్వము పంపిన ఆరోగ్య సంఘము వచ్చి తూములు కడిగించి, కుళ్లు తీసివేయించి, గాలి ఆడునట్లు చేసెను. కొద్ది నెలలలో మరణములు నూటికి సుమారు 2కు తగ్గెను.

ఫ్లారెన్సు 1856లో ఇంటికి తిరిగి వచ్చినప్పుడు దేశమంతయు ఆమెను పొగడుచుండెను. ఆమె ఆ పొగడ్తకు దూరముగా ఉండి, విలియం ఫార్ అను లెక్కల పండితునితో కూర్చుండి, చనిపోయినవారి సంఖ్యలను పరిశీలించెను. మురికియే సైనికులను చంపెనని అప్పుడు ఆమెకు స్పష్టమాయెను. తాను పనిచేసిన ఆసుపత్రిని గూర్చిన ఈ చేదు నిజమును ఆమె దాచలేదు. దానిని పటములుగా గీయించి పెద్దల యెదుట ఉంచెను. కన్నీరు, జాగరణ, ప్రార్థన అన్నియు ఉండినను, తూము కడుగనియెడల మనుష్యుడు చచ్చునని నేర్చుకొని, మిగిలిన జీవితమంతయు ఆ పాఠమునే ఇతరులకు నేర్పెను.

1860లో లండనులోని సెంట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల పాఠశాల తెరువబడెను. అక్కడ చేరినవారికి బస, భోజనము, కొద్ది జీతము ఇచ్చి, ఒక సంవత్సరము పని నేర్పిరి. పనితో పాటు నడవడిని కూడ పరీక్షించిరి. ఆ కాలమంతయు ఆమె తానే రోగియై, తరచుగా మంచము మీదనుండియే పని నడిపెను.

ఆమె మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఇక్కడి సైనిక స్థావరములనుండి నీటిని గూర్చియు మురుగును గూర్చియు వివరములు తెప్పించి, 1863 నాటి నివేదికకు తోడ్పడెను. ఇంగ్లీషు సైనికులలో ఏటేట వెయ్యికి 69గా ఉన్న మరణములు, 1873 నాటికి 18కి తగ్గెను. రైతుల కష్టములను గూర్చియు ఆమె వ్రాసెను. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొరతో ఉత్తరములు జరిపి, కరవు నివారణకు కాలువలు కావలెనను ఆయన వాదమును బలపరచెను.

1910 ఆగస్టు 13న, తొంబదియవ యేడు నిండిన తరువాత, ఆమె ప్రభువునందు నిద్రించెను. పూర్వము రాజులను పాతిపెట్టిన వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో సమాధి చేయుదుమనగా బంధువులు వద్దనిరి. ఆమె ఒక పల్లె దేవాలయపు ఆవరణములో పాతిపెట్టబడెను. రాతిమీద పేరు కూడ లేదు. పేరులోని మొదటి రెండు అక్షరములు, జనన మరణ తేదీలు మాత్రమే చెక్కిరి.

ఇప్పుడు ధ్యానభాగమునకు వత్తము. సమరయుడు గాయపడినవానిని చూచి జాలిపడెను. యాజకుడును లేవీయుడును చూచి తప్పుకొనిరి గనుక ఆ జాలియే మొదటిది. కాని అతడు జాలితో ఆగలేదు. గాయమునకు ఏమి పోయవలెనో అతనికి తెలిసియుండెను. కట్టు కట్టుట తెలిసియుండెను. పడినవానిని నేర్పుగా ఎక్కించి, రాత్రికి చోటు చూపెను. మరునాడు పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చి, ఆ రోగి భారమును అప్పగించెను. డబ్బు పుచ్చుకొని రోగిని చూచినవానిని ప్రభువు తప్పుపట్టలేదు. కాబట్టి జీతము సిగ్గుపడవలసినది కాదు. బీద ఇంటి కుమార్తె తన జీతముతో తమ్ముని చదివించిన యెడల అదియు దేవుని దృష్టికి మంచిదే. అయితే జీతము వచ్చు దినమున మాత్రమే మనస్సు మేల్కొని, రోగి పిలిచినప్పుడు నిద్రించుట పాపము. పిలుపు ఉన్నదని చెప్పి, మందు మోతాదు నేర్చుకొనక పోవుటయు పాపమే. ఆ అజ్ఞానమువలన కలుగు నష్టమును రోగియే భరించును.

తలిదండ్రులారా, పిల్లలను పంపునప్పుడు కనికరము కొరకు ప్రార్థించుడి. శ్రద్ధగా చదువు మనస్సు కొరకును ప్రార్థించుడి. సంఘ పెద్దలారా, రుసుము కట్టలేని విద్యార్థిని సంఘపు కానుకలలో జ్ఞాపకముంచుకొనుడి. సెలవులకు వచ్చిన నర్సులారా, మన వీధిలోని నీటి తొట్టిని, మురుగు కాలువను ఒకసారి చూచి, స్త్రీల కూటములో నాలుగు మాటలు చెప్పుడి. మన ప్రభువు రోగులను ముట్టిన ఆ చేతులు, మన పిల్లల చేతులను నేర్పుగలవిగా చేయును గాక. ఆమేన్.