ఇల్లు విడిచి చదివిన జాకిర్ సాబ్

గురుకులం దరఖాస్తుల కాలం వచ్చిందంటే మన కొత్తవాడ ఇండ్లల్లో ఒకటే చర్చ. పిల్లగాణ్ణి పంపుడా, వద్దా? తెలివిగల్ల పిల్లలున్న ఇంట్లో ఈ చర్చ మరీ ఎక్కువ. అబ్బా పంపుదామంటాడు, అమ్మీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, దాదీ అయితే ఆ మాటే ఎత్తనీయదు. సొసైటీ వారు ఈ సంచికకు ఒక పెద్దమనిషి జీవితం రాసి ఇమ్మన్నప్పుడు నాకు మర్‌హూమ్ డాక్టర్ జాకిర్ హుసేన్ గారు జ్ఞాపకం వచ్చారు. వారు రాష్ట్రపతి అయిన సంగతి మన పిల్లలు పాఠ్యపుస్తకంలో చదువుకున్నదే. పదేళ్ళ వయసులో ఇల్లు విడిచి బోర్డింగులో చేరిన జాకిర్ గురించి మాత్రం చాలామందికి తెలియదు.

జాకిర్ సాబ్ మన హైదరాబాదులోనే 1897 ఫిబ్రవరి 8న పుట్టారు. పూర్వీకులు ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్‌కు చెందిన పఠాన్లు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ హైదరాబాదుకు వచ్చి వకీలుగా మంచి పేరు తెచ్చుకున్నారు, న్యాయశాస్త్ర పత్రిక కూడా నడిపారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడోవాడు. చదువు ఇంట్లోనే ఉస్తాదుల దగ్గర మొదలైంది. ఇంట్లో దేనికీ కొదువ లేదు.

1907లో తండ్రి క్షయవ్యాధితో పోయారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు కూడా నిండలేదు. తల్లి నాజ్‌నీన్ బేగం పిల్లలను వెంటబెట్టుకుని ఖాయంగంజ్ చేరుకున్నది. భర్త పోయిన ఇల్లు, పరదాలో ఉండే తల్లి, చుట్టూ మగపిల్లలు. అట్లాంటి ఇంట్లో ఎవరైనా ఏమంటారు? పిల్లలు కండ్ల ముందర ఉంటే చాలు, చదువు ఏదో ఒకటి ఇక్కడే చూసుకుందాం అంటారు. భూములున్న కుటుంబం కనుక ఇంటికి ఉస్తాదును పిలిపించుకునుడు కూడా కష్టం కాదు. అయినా జాకిర్‌ను ఇటావాలోని ఇస్లామియా హైస్కూలుకు పంపారు. అది వేరే జిల్లా. పిల్లలు అక్కడే ఉండి చదువుకోవాలి, సెలవులకే ఇంటికి రావాలి.

ఆ బడిలో సదుపాయాలు అంతంతమాత్రమే. సాదా తిండి, సాదా బట్టలు, ఐదు పూటల నమాజు, వేళకు లేచుడు, వేళకు పండుకునుడు. హెడ్మాస్టరు సయ్యద్ అల్తాఫ్ హుసేన్ గారు మాత్రం పిల్లలను కన్నబిడ్డల తీరు చూసుకునేవారు. వారు చెప్పే పాఠం కన్నా వారి నడవడి పిల్లలకు ఎక్కువ నేర్పింది. జాకిర్ అక్కడే ఉపన్యాసం చెప్పుడు నేర్చుకున్నాడు. వార్తాపత్రిక కోసం స్టేషను దాకా పోయి, రైలులో వచ్చిన కాపీ తెచ్చి తోటి పిల్లలకు చదివి వినిపించేవాడట. ట్రిపోలి మీద ఇటలీ యుద్ధం చేసిన రోజుల్లో తుర్కీ వాళ్ళ సహాయానికి చందాలు కూడా వసూలు చేశాడు. పద్నాలుగేళ్ళ పిల్లగాడు పదిమందిలో నిలబడి మాట్లాడుడంటే చిన్న సంగతి కాదు. నలభై మంది పిల్లల ముందర రోజూ నిలబడే నాబోటి టీచరుకు అది తెలుసు.

అన్నీ మంచిగనే జరిగినాయని మాత్రం నేను చెప్పను. 1911లో ఖాయంగంజ్‌లో ప్లేగు వచ్చింది. తల్లి ఆ ప్లేగులోనే పోయింది. తండ్రి పోయిన నాలుగేళ్ళకే తల్లి. సెలవుల్లో వస్తే తలుపు తీసే అమ్మ లేదు. బోర్డింగుకు పంపుడంటే కలిసి ఉండే రోజులను ఇచ్చేసుడే. ఆ రోజులు మళ్ళీ రావు. మన ఇండ్లల్లో దాదీలు వద్దంటున్నారంటే వాళ్ళకు తెలివి లేక కాదు, ఈ లెక్క వాళ్ళకు తెలుసు. దరఖాస్తు ఫారం నింపే మగవాళ్ళు ఆ మాట కూడా కాస్త వినాలి.

1913లో పదహారేళ్ళకు జాకిర్ అలీగఢ్ ఎం.ఏ.ఓ. కాలేజీలో చేరాడు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అక్కడ మొదట స్థాపించింది బడినే, రెండేళ్ళకు అది కాలేజీ అయింది. బడి, కాలేజీ, హాస్టలు అన్నీ ఒక్క ఆవరణలోనే. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి తరహాలో పిల్లలు అక్కడే ఉండి పెరగాలని సర్ సయ్యద్ ఆలోచన. పదిహేను పదహారేళ్ళ పిల్లగాడు పెద్ద చదువుల వాళ్ళ నడుమ పెరిగితే వాడి చూపే మారుతుంది. జాకిర్‌కు అట్లనే అయింది.

దారి తిన్నగా మాత్రం లేదు. డాక్టరీ చదవాలని అతని కోరిక. దాని కోసం సైన్సు తీసుకుని లక్నో క్రిస్టియన్ కాలేజీకి పోయాడు. అక్కడ జబ్బు పడ్డాడు, చదువు ఆగిపోయింది. తిరిగి అలీగఢ్‌కే వచ్చి 1918లో బి.ఏ. పూర్తి చేశాడు. ఈ నడుమనే 1915లో షాజహాన్ బేగంతో నికాహ్ జరిగింది. హాస్టలు పడక వాపసు వచ్చిన పిల్లగాణ్ణి మన గల్లీలో ఏడాది పొడుగునా ఎత్తిపొడుస్తారు. ఒకచోట కుదరక ఇంకోచోటికి వచ్చినోడే తర్వాత దేశానికి రాష్ట్రపతి అయ్యాడని వాళ్ళకు చెప్పవచ్చు.

1920లో అసలు పరీక్ష వచ్చింది. జాకిర్ సాబ్‌కు 23 ఏళ్ళు. ఎం.ఏ. చదువుతూనే కాలేజీలో పాఠాలు కూడా చెబుతున్నారు. అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్‌కు వచ్చి, ఆంగ్ల ప్రభుత్వ గ్రాంటుతో నడిచే కాలేజీని విడిచి రమ్మని విద్యార్థులను పిలిచారు. చేతికందిన ఉద్యోగం, ముందర కనిపించే హోదా రెండూ వదిలి జాకిర్ సాబ్ బయటికి వచ్చారు. అక్టోబరు 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా మొదలైంది. కిరాయి ఇండ్లు, గుడారాలు తప్ప దానికి వేరే ఆస్తి లేదు.

1922లో జర్మనీకి పోయి, 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి ఆర్థికశాస్త్రంలో డాక్టరేటు పొందారు. అక్కడ ఉండగానే గాలిబ్ దివాన్‌ను అచ్చు వేయించారు. ప్రెస్సులో కూర్చుని కొంత కంపోజింగు కూడా స్వయంగా చేశారట. తిరిగి వచ్చేసరికి జామియా ఢిల్లీ కరోల్‌బాగ్‌కు మారింది, రేపో మాపో మూతపడేటట్టు ఉన్నది. 29 ఏళ్ళకు దాని బాధ్యత భుజాన వేసుకున్నారు. 1928లో జాకిర్ సాబ్, సాటి ఉస్తాదులు కలిసి 20 ఏళ్ళు అక్కడే పనిచేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోమని ప్రమాణం చేశారు. ఆ 150 కూడా చేతికి వచ్చింది తక్కువే.

బోర్డింగులో పెరిగిన మనిషి కనుక బోర్డింగు పిల్లగాడికి ఏమి కావాల్నో ఆయనకు బాగా తెలుసు. జామియాలో చిన్నపిల్లల హాస్టలు మీద ఆయన పెట్టిన శ్రద్ధ అంతా ఇంతా కాదు. బూట్లు మురికిగా ఉంటే పిల్లలను తిట్టకుండా తానే బ్రష్షు, పాలిష్ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారని చెప్పుకుంటారు. గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే జర్మన్ యూదు మహిళ బెర్లిన్‌లో ఆయనకు పరిచయం. ఆమె తర్వాత జామియాకు వచ్చి హాస్టలు పిల్లలకు తల్లి అయింది. అందరూ ఆపాజాన్ అని పిలిచేవారు. 1943లో కన్నుమూసింది. ఆమె సమాధి జామియా కబ్రస్తాన్‌లోనే ఉన్నది.

ఇంకొక సంగతి కూడా చెప్పుకుంటారు. బడిపిల్లలకు మిఠాయి పంచుతుండగా నౌకరు వచ్చి ఆయన చెవిలో చిన్నకూతురు చనిపోయిందని చెప్పాడట. ఆ పిల్లల సంతోషం చెడగొట్టలేక ఆయన మిఠాయి పంచుతూనే ఉన్నారట. దీనిని చాలామంది గొప్పగా చెబుతారు. నాకు మాత్రం ఆ సమయాన ఇంట్లో ఉన్న షాజహాన్ బేగం గుర్తుకొస్తుంది.

1937లో వార్ధా విద్యా ప్రణాళిక కమిటీకి జాకిర్ సాబ్ అధ్యక్షులు. చేతిపనిని చదువు నడుమ పెట్టాలని, నూలు వడుకుడు, నేత వంటి పనుల ద్వారానే లెక్కలు, శాస్త్రం నేర్పాలని ఆ కమిటీ చెప్పింది. మగ్గం చప్పుడులో పెరిగిన కొత్తవాడ పిల్లలకు ఇది వేరే వివరించనక్కరలేదు. మన జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పడుగు పోగుల లెక్క తెలిసిన పిల్లగాడు గుణకారానికి భయపడడు, నేను చూస్తూనే ఉన్నాను.

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. 1948లో, తాను విడిచి వచ్చిన అలీగఢ్‌కే వైస్ ఛాన్స్‌లరుగా పోయారు. 1957లో బీహార్ గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి.

ఇక మన సంగతి. జాకిర్ సాబ్ కాలంలో హైదరాబాదులో పుట్టిన పిల్లగాడు ఇటావా దాకా పోవాల్సి వచ్చింది. మన దగ్గర 1971లో సర్వేల్ గురుకులం వచ్చింది, తర్వాత మామునూరులో నవోదయ వచ్చింది. 2016లో 71 మైనారిటీ గురుకులాలు తెరిచారు, ఇప్పుడవి రెండు వందలు దాటినాయి. ఆడపిల్లలకు వేరే, మగపిల్లలకు వేరే. ఐదో తరగతిలో చేరితే ఇంటర్ దాకా పైసా ఖర్చు లేదు. చదువు ఇంగ్లీషులో. తెలివైన పిల్లలు అటు పోతే నా ఉర్దూ మీడియం క్లాసు పలచబడుతుంది, పిల్లలు తగ్గితే బడికే కష్టం. అయినా నన్ను అడిగిన వాలిదైన్‌కు నేను ఒక్కటే చెబుతున్నాను. దరఖాస్తు పెట్టే ముందు ఒక ఆదివారం ఆ హాస్టలుకు పోయి చూడండి. వార్డెను ఎవరు, పిల్లలు ఆయనతో ఎట్లా మాట్లాడుతున్నారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, ఇవన్నీ కనుక్కోండి. అల్తాఫ్ హుసేన్ వంటి మనిషి అక్కడ ఒక్కరు కనిపించినా పంపవచ్చు. పిల్లగాణ్ణి కూడా అడగండి, పోయేది వాడే. పోతే ఉర్దూ మరవకుండా వారానికొక ఉత్తరం ఉర్దూలో రాయమనండి.

జాకిర్ సాబ్ 1969 మే 3న ఢిల్లీలో, పదవిలో ఉండగానే కన్నుమూశారు. పదవిలో ఉండి మరణించిన మొదటి రాష్ట్రపతి వారే. జామియా ఆవరణలోనే వారిని దఫన్ చేశారు. పక్కనే గ్రంథాలయం, దానికి ఆయన పేరే పెట్టారు.